చక్రాల కుర్చీ చెరువుకట్ట ఎక్కాలంటే

వానలు బాగా పడిన ఏడాది చెరువుకట్ట మీద నిలబడి చూశారా? నీటి అంచున తెల్లకొంగ కదలకుండా చేప కోసం కాచుకొని ఉంటుంది. లకుముకి పిట్ట తుమ్మకొమ్మ మీంచి బాణంలా నీళ్ళలోకి దూకి, ముక్కున చేపతో లేస్తుంది. మత్తడి పారే చప్పుడు దూరానికే వినిపిస్తుంది. భిక్నూర్‌లోనో, దోమకొండలోనో చదువుకొనే మీకు ఇవి కొత్త సంగతులు కావు.

మరి ఒక ప్రశ్న. మోకాళ్ళు అరిగిపోయో, పక్షవాతం వచ్చో నడవలేని తాతలు, అవ్వలు మీ వాడలో ఎంతమంది ఉన్నారు? ఆ చెరువు నీళ్ళతో పొలం పండించిన వాళ్ళే వాళ్ళు. ఆ చెరువును వాళ్ళు చివరిసారి ఎప్పుడు చూశారు?

కొందరి ఇళ్ళలో ఇప్పుడు చక్రాల కుర్చీ ఉంది. కానీ అది అరుగు దిగదు, కట్ట ఎక్కదు. దాన్ని ఆపేవి మూడు: దారి వాలు, దారిలోని అడ్డు, దారి నేల. ఈ మూడింటినీ మీరు బడిలో నేర్చుకొన్న భౌతికశాస్త్రంతోనే అర్థం చేసుకోవచ్చు.

పచ్చదనం ఎందుకంత అవసరం?

ముసలివాళ్ళకు షికార్లెందుకు అని ఎవరైనా అనవచ్చు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రవేత్త ఒక పరిశీలన ప్రచురించాడు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి ఆపరేషన్ అయిన 46 మంది వివరాలను ఆయన పోల్చి చూశాడు. సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి. మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవాళ్ళు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు కూడా వాళ్ళకు తక్కువే పట్టాయి. కిటికీలోంచి చూస్తేనే ఇంత మేలు కనిపించింది. ఏళ్ళ తరబడి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన మనిషికి చెరువు గాలి ఎంత ఊరటో మీరే ఊహించండి.

మొదటి చిక్కు: వాలు

ఒక చిన్న లెక్క చేద్దాం. తాత బరువు 75 కిలోలు, కుర్చీ బరువు 15 కిలోలు, మొత్తం 90 కిలోలు. చెరువుకట్ట ఎత్తు 3 మీటర్లు అనుకోండి. కుర్చీని తిన్నగా పైకి ఎత్తాలంటే 90 కిలోల బరువు మోయాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

మట్టికట్టల పక్కవాలు తరచు 1:2 ఉంటుంది. అంటే ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడ్డదూరం. ఆ వాలు మీద తిన్నగా నెడితే దూరం 6.7 మీటర్లు, కావలసిన బలం సుమారు 40 కిలోల బరువుతో సమానం. ఇదీ కష్టమే. నడుమలో పట్టు జారితే కుర్చీ వెనక్కి దూసుకొస్తుంది.

ఇప్పుడు కట్ట పక్కగా, ఏటవాలుగా 1:12 వాలున్న దారి వేశామనుకోండి. దూరం 36 మీటర్లు అవుతుంది. కావలసిన బలం మాత్రం 90ని 12తో భాగిస్తే వచ్చినంత, అంటే సుమారు ఏడున్నర కిలోలు. తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా నెట్టగలడు!

బలం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. 40ని 6.7తో గుణించండి, 7.5ని 36తో గుణించండి. రెండూ దాదాపు 270 వస్తాయి. చేసిన పని ఒక్కటే. వాలు తలం బలాన్ని తగ్గించి, దూరాన్ని పెంచింది. ఈ లెక్కలో ఘర్షణను వదిలేశాం. దాని సంగతి నేల దగ్గర చూద్దాం.

ఈ 1:12 ఊరికే పుట్టిన సంఖ్య కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, కుర్చీలు వాడేవాళ్ళతోనే ప్రయత్నించి చూసిన అనుభవంతో 1961లో మొదటి ప్రమాణాలు తయారయ్యాయి. మన దేశపు ప్రమాణాలలోనూ వాలు 1:12 మించరాదనే ఉంది. అంత వాలున్న దారిలో సుమారు 9 మీటర్లకు ఒకసారి చదునైన చోటు ఉండాలి. నెట్టేవారు అక్కడ ఊపిరి తీసుకొంటారు. అలాంటి చదునులు మూడు, ఒక్కొక్కటి మీటరున్నర చొప్పున వేస్తే, మన 3 మీటర్ల కట్టకు మొత్తం సుమారు 40 మీటర్ల దారి కావాలన్నమాట.

రెండవ చిక్కు: అడ్డు

చక్రాల కుర్చీని ఒకసారి పరీక్షగా చూడండి. వెనక చక్రాల వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు. ముందు చక్రాలు చిన్నవి, ఇంచుమించు 20 సెంటీమీటర్లు. అంటే వ్యాసార్థం 10 సెంటీమీటర్లే. దారిలో 5 సెంటీమీటర్ల ఎత్తు రాయి అడ్డొచ్చింది. పెద్ద చక్రం దాన్ని ఎక్కాలంటే, ఆ చక్రం మీద పడే బరువులో మూడింట రెండు వంతుల బలంతో నెడితే చాలు. చిన్న చక్రానికైతే దాని మీద పడే బరువుకు 1.7 రెట్లు కావాలి. అడ్డు ఎత్తు చక్రం వ్యాసార్థానికి సమానమైనా, మించినా ఎంత నెట్టినా ఎక్కదు. మీ ఎద్దుబండి చక్రాలు అంత పెద్దవిగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా?

అందుకే అలవాటున్నవాళ్ళు అడ్డు దగ్గర కుర్చీని గుడ్డిగా నెట్టరు. వెనకనున్న చిన్న కడ్డీని పాదంతో నొక్కి, కుర్చీని కొంచెం వెనక్కి వంచుతారు. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. వాటిని అడ్డు మీద పెట్టాక పెద్ద చక్రాలను ఎక్కిస్తారు. నిటారు వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దింపుతారు. లేకపోతే కూర్చున్న మనిషి ముందుకు జారిపోవచ్చు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా మీరీ పని చేయకండి.

మూడవ చిక్కు: నేల

నున్నటి సిమెంటు మీద కుర్చీ సులువుగా దొర్లుతుంది. ఇసుకలో కూరుకుపోతుంది. కారణం పీడనం. 90 కిలోల బరువంతా నాలుగు సన్నని చక్రాలు నేలకు ఆనే కొద్దిపాటి చోటు మీద పడుతుంది. ఆ పీడనానికి ఇసుక పక్కలకు తొలగిపోతుంది. చక్రం తన గుంట తానే తవ్వుకొని, ఎప్పుడూ ఆ గుంటలోంచి ఎక్కుతూనే ఉండవలసి వస్తుంది.

దీనికి చెన్నైలో ఒక ఉపాయం చేశారు. మన తెలుగువాళ్ళు ఎందరో ఉండే నగరం అది. అక్కడి మెరీనా బీచిలో ఇసుక మీద చెక్కపలకలతో సుమారు 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు దారి వేసి, 2022 నవంబరులో తెరిచారు. పలక బరువును పెద్ద వైశాల్యానికి పంచుతుంది, చక్రం దిగబడదు. ఎన్నో ఏళ్ళుగా రోడ్డు మీంచి మాత్రమే సముద్రాన్ని చూసినవాళ్ళు అలల దగ్గరికి వెళ్ళగలిగారు. అయితే పక్షం తిరగకముందే, డిసెంబరులో మాండూస్ తుఫాను ఆ దారిలో కొంత భాగాన్ని దెబ్బతీసింది. తరువాత బాగు చేశారు. దారి వేయడం సగం పని. దాన్ని కాపాడుకోవడం మిగతా సగం.

మన దగ్గర సముద్రం లేదు, మొరం ఉంది. మొరాన్ని తడిపి, గట్టిగా దిమ్మిస్తే మంచి దారి అవుతుంది. వదులు కంకర, తడిసిన నల్లరేగడి మాత్రం పనికిరావు. దారి పక్కకు ఒరగకూడదు కూడా. పక్కవాలు 1:50 మించితే కుర్చీ పల్లం వైపు లాగుతుంది. నీటి అంచున ఉన్న దారికి పక్కన గట్టి అంచు తప్పనిసరి.

కుర్చీలో ఉన్న మనిషి

దారి బాగున్నంత మాత్రాన అయిపోలేదు. వయసు మీద పడ్డవాళ్ళకు ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా తెలియదు. అడగకముందే మంచినీళ్ళు ఇవ్వాలి. చెమట పట్టడం కూడా తగ్గుతుంది కనుక ఎండదెబ్బ త్వరగా తగులుతుంది. పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ వెళ్ళాలి. ఒకే తీరున చాలాసేపు కూర్చుంటే ఒత్తిడికి చర్మం మీద పుండ్లు పడతాయి. మధ్యమధ్య కదిలి కూర్చోమనాలి. ఇంకొకటి, కుర్చీలో ఉన్నవారి కళ్ళు నేలకు ఇంచుమించు 120 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటాయి. మీకు కనిపించే చెరువు వాళ్ళకు గడ్డి చాటున ఉండిపోవచ్చు. మీరు ఒకసారి స్టూలు మీద కూర్చొని చూడండి.

పట్నం కట్ట

భిక్నూర్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి పట్టుకొని దక్షిణానికి వెళితే హైదరాబాదు వస్తుంది. అక్కడి ట్యాంక్‌బండ్ కూడా చెరువుకట్టే! 1562లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు అది కట్ట. దాని మీదికి కారే వెళుతుంది కనుక ఎక్కే చిక్కు లేదు. కానీ నగరంలో ఎక్కడైనా సరే, కాలిబాట అంచు 15 సెంటీమీటర్లు ఉంటే 10 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న చక్రానికి అది గోడే. విరుగుడు ఏమిటి? 15ని 12తో గుణించండి: 180 సెంటీమీటర్ల పొడవున్న చిన్న వాలు. కొద్దిపాటి సిమెంటు పని! బడిలో, గుడిలో, తోటలో, అందరూ వాడే ఏ చోటైనా నడవలేనివారికి కూడా అందాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

మీరే కొలవండి

కావలసినవి: 120 సెంటీమీటర్ల తిన్నని కర్ర, మూత గట్టిగా బిగించిన సన్నని నీళ్ళ సీసా (చిన్న గాలిబుడగ మిగిలేలా నింపండి), స్కేలు.

కర్రను వాలు వెంట నేల మీద పెట్టి, దాని మీద సీసాను పొడవుగా ఉంచండి. బుడగ సరిగ్గా నడుమకు వచ్చేదాకా కర్ర పల్లపు కొనను పైకి లేపండి. ఆ కొనకూ నేలకూ మధ్య ఎడం కొలవండి. 10 సెంటీమీటర్లో, అంతకు తక్కువో అయితే వాలు 1:12 లోపే ఉంది. 20 వస్తే 1:6, అంటే నెట్టే బలం రెండింతలు.

ఇలా నలుగురైదుగురు కలిసి మీ వాడ నుంచి చెరువు దాకా కొలుచుకుంటూ వెళ్ళండి. దారి పటం గీసి వాలు, అడ్డు, నేల గుర్తించండి. దారి వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గిన చోట, నీడనిచ్చే చెట్టున్న చోట కూడా గుర్తు పెట్టండి. పటాన్ని మీ సారుకు చూపించి గ్రామ పంచాయతీకి ఇవ్వండి. నాలుగు రాళ్ళు తీసి, రెండు చోట్ల మొరం పోస్తే చాలునని తేలవచ్చు. ఎన్ని చోట్ల, ఎంత అన్నది మాత్రం కొలిచినవాళ్ళే చెప్పగలరు.