జెట్‌స్కీ సీటు తడి ఆరేదెలా?

ప్రశ్న: బ్రిటన్‌లోని పూల్ హార్బర్‌లో జెట్‌స్కీ నడుపుతుంటాను. ఎంత ఆరబెట్టినా, కూర్చోగానే సీటులోంచి నీళ్లు ఊరుతున్నాయి. కుట్ల మీద సీలెంట్ పూస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. సీటులో ఉండేది సాధారణంగా పాలీయురేథేన్ ఫోమ్. దాని గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఒకచోట దూరిన నీరు అంతటా పాకుతుంది. నీరు దూరేది వినైల్ గుండా కాదు, సూది రంధ్రాల గుండా, అడుగున పిన్నులు కొట్టిన అంచు గుండా. తడి ఉండగానే సీలెంట్ పూస్తే ఆ నీరు లోపలే మగ్గి బూజు పడుతుంది. అందుకే ముందు కవర్ విప్పి, ఫోమ్‌ను మంచినీళ్లతో బాగా కడగండి. ఉప్పు మిగిలితే గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. బ్రిటన్ చలికాలంలో ఇక ఆరే మాటే లేదు. మెలిపెట్టి పిండొద్దు, ఫోమ్ చిరుగుతుంది. అరచేత్తో అదిమి నీరు తీయండి. పూర్తిగా ఆరాక పైన, పక్కల పలచటి ప్లాస్టిక్ షీటు కప్పి, కవర్ బిగించి స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు కొట్టించండి. అడుగు పలకకు రంధ్రాలుంటే మూయొద్దు, ఎలాగోలా దూరిన నీరు పోవడానికి అవే దారి.

నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమే వేయించొచ్చు కదా అని కొందరంటారు. అది నిజంగానే పీల్చదు. కానీ గట్టిగా ఉంటుంది, సొలెంట్ జలసంధి అలల మీద ఎగిరిపడితే దెబ్బ నడుముకే. నా ఓటు మెత్తని ఫోమ్‌కే. మీ పాత ఫోమ్ చేత్తో తడిమితే పొడిలా రాలుతుంటే మాత్రం కడగడం దండగ, కొత్తది వేయించండి.