ఎలుక జ్వరము – డాక్సీసైక్లిన్ మాత్రను వాడు విధము

నాట్లు, కలుపుతీతల రోజులలో పొలమునీట పనిచేయువారికి ఉన్నట్లుండి తీవ్రమైన జ్వరము, తలనొప్పి, కాలిపిక్కలలో నొప్పి వచ్చి కండ్లు ఎఱ్ఱబడినచో, వానలో తడిసినందున వచ్చిన జ్వరమని ఊరకుండరాదు. అది ఎలుక జ్వరము, అనగా లెప్టోస్పైరోసిస్, కావచ్చును. ఎలుకలు, పశువులు, పందుల మూత్రముతో నీటిలో చేరిన సూక్ష్మజీవులు కాలి గాయములగుండ, నాని మెత్తబడిన చర్మముగుండ ఒంటిలో ప్రవేశించును.

దీనికి వైద్యులు తరచుగ వ్రాయు మందు డాక్సీసైక్లిన్. ఇది టెట్రాసైక్లిన్ల జాతికి చెందినది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడెను. దానినిచ్చిన సూక్ష్మజీవి అమెరికాలోని మిస్సోరీలో ఒక వ్యవసాయ ప్రయోగక్షేత్రపు మట్టిలో దొరికినది. కనుగొన్నవారు బెంజమిన్ డుగ్గర్. ఆ పరిశోధనాలయమునకు సారథి మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంత మంచి మందును మనము వాడు తీరు మాత్రము బాగుగ లేదు.

అంగడిలో రెండు మాత్రలు, ఒక నొప్పిమాత్ర కాగితములో చుట్టించుకొని మ్రింగి, జ్వరము దిగగనే మరునాడు చేలో దిగువారెందరో కలరు. జ్వరము దిగినంతమాత్రమున సూక్ష్మజీవులు నశించినట్లు కాదు. పైగా అది డెంగీ అయినచో ఈ మందు పనిచేయనే చేయదు; నొప్పిమాత్రలలో కొన్ని రక్తస్రావమును పెంచును, ఎలుక జ్వరములో మూత్రపిండములకు చేటు. కావున ముందు రక్తపరీక్ష, వైద్యుని చీటి. కండ్లు పచ్చబడుట, మూత్రము తగ్గుట, ఆయాసము కనిపించినచో మాత్రలతో కాలక్షేపము చేయక ఆ రోజే ఆసుపత్రిలో చేర్పవలెను.

పెద్దలకు సాధారణముగ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు పర్యాయములు, 7 రోజులు ఇత్తురు. ఎవరికెంత, ఎన్నాళ్లు అనునది చీటినిబట్టియే. కూర్చుండి నిండు గ్లాసు నీళ్లతో మ్రింగి, అరగంటవరకు పడుకొనరాదు. మాత్ర గొంతు క్రింద నిలిచి పుండు చేయును. వికారమున్నచో అన్నము తిని వేసికొనవచ్చును గాని పాలతో వలదు. ఇనుము మాత్రలు, కడుపుమంట మందులు రెండు మూడు గంటల ఎడముగ వాడవలెను. ఒక పూట మరచినచో తరువాత రెండు కలిపి మ్రింగరాదు. గర్భిణులు, చిన్నపిల్లల విషయము వైద్యునికి ముందే చెప్పవలెను. దద్దురులు, ముఖము వాచుట, ఊపిరాడకపోవుట కలిగినచో మందు ఆపి వెంటనే వైద్యుని చూడవలెను.

రైతుకు ముఖ్యమైన సంగతి మరొకటి. ఈ మందు వాడునప్పుడు చర్మము ఎండకు త్వరగ కమలును. నిండు చేతుల చొక్కా, తలపాగ ఉండవలెను. కూలివారికి ఆ వారము నీడపట్టు పని ఇచ్చుట యజమానికి పెద్ద నష్టము కాదు. మిగిలిన మాత్రలను పొరుగువారికి గాని పాడిపశువులకు గాని ఇయ్యరాదు. పశువునకు పెట్టిన మందు పాలలోనికి వచ్చును.

ఒకే చేలో పనిచేసినవారిలో ఇద్దరు ముగ్గురికి ఒకే వారములో జ్వరము వచ్చినచో గ్రామోద్యోగులు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు కబురు పంపవలెను. ఏ చేను, ఏ బోదె నీరు అనునది కూడ అందు వ్రాయవలెను.