కడెం వాగు వెంట మూడు రోజులు

ప్రశ్న: నలుగురు మిత్రులం కుంటాల నుంచి కడెం వాగు వెంట మూడు రోజులు కిందికి నడవాలనుకుంటున్నాం. రాత్రుళ్లు ఒడ్డునే గుడారం. గైడ్ దొరుకుతాడా? ఏ నెల మంచిది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గైడ్ కంటే ముందు అటవీశాఖ అనుమతి సంగతి చూసుకోండి. కడెం వాగు కవ్వాల్ అడవి గుండా పారుతుంది. 2012 నుంచి అది టైగర్ రిజర్వ్. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి అడుగుపెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఇక రాత్రి బస మాటెందుకు? ‘నేను చూసుకుంటా’ అనే గైడ్‌ను నమ్మకండి.

నన్నడిగితే, ఇచ్చోడలోనో నిర్మల్‌లోనో బస పెట్టుకుని రోజుకో చోటు నడవండి. నడకకు అసలైన చోటు బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ దగ్గరి కనకాయి జలపాతం. రాళ్ల మీదుగా వాగులోనే నడక. ఊళ్లో తోవ తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి, కూలి ముందే మాట్లాడుకోండి. పొచ్చెర, కుంటాల జలపాతాలు మరో రోజు.

అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. చలి గట్టిగానే ఉంటుంది, దుప్పటి మరవొద్దు. వానాకాలంలో మాత్రం వాగులోకి దిగొద్దు. వాన మీ నెత్తిన పడక్కర్లేదు. ఎగువన పడితే చాలు, ఇరుకు చోట నీళ్లు చూస్తుండగానే లేస్తాయి. తేట నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా సంచి వదిలేసైనా గట్టెక్కండి. కుంటాల గుండంలో ఈత అసలే వద్దు, అక్కడ చాలామంది ప్రాణాలు పోయాయి.

గుడారంలోనే పడుకోవాలని పట్టుదలగా ఉంటే కడప జిల్లా గండికోటకు వెళ్లండి. పెన్నా లోయ దగ్గర గుడారాలు అద్దెకిస్తారు.