మరియా నేర్పిన విద్య

కుమ్మరి యనగానే మనకు గిరగిర తిరుగు చక్రము స్ఫురించును. కాని చక్రము నెన్నడును త్రిప్పకయే జగత్ప్రసిద్ధములైన కుండలను చేసిన స్త్రీ యొకతె కలదు. ఆమె పేరు మరియా మార్టినెజ్.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ మెక్సికో రాష్ట్రమున, రియో గ్రాండే నదీ ప్రాంతమున, శాన్ ఇల్డెఫాన్సో అను చిన్న గ్రామము కలదు. ప్యూబ్లో జాతికి చెందిన ఆదివాసులు అందు నివసింతురు. మరియా 1887వ సంవత్సర ప్రాంతమున అచ్చట జన్మించెను. బాల్యముననే తన బంధువగు నికోలాసా అను పెద్దామె చెంత కూర్చుండి, చూచి చూచి కుండలు చేయుట నేర్చుకొనెను. ఆ కాలమున రేకుపాత్రలు చౌకగా లభించుటచే గ్రామ స్త్రీలు మట్టిపనిని విడనాడుచుండిరి. తరతరముల విద్య అంతరించు సమయ మాసన్నమయ్యెను.

1908వ సంవత్సర ప్రాంతమున ఎడ్గార్ హ్యూయెట్ అను పండితుడు ఆ సమీపమున త్రవ్వకములు జరిపించెను. నేలలో దొరకిన ప్రాచీన భాండముల పెంకులను మరియాకు చూపి, అట్టి కుండలను చేయుమని కోరెను. ఆమె ఆ పనికి పూనుకొనెను.

మట్టిని వత్తులుగా చేసి, చుట్టలు చుట్టలుగా పేర్చి ఆమె కుండను లేపును. ఎండిన సొరకాయ పెంకుతో గీసి సరిచేయును. పలుచని మట్టిపూత పూసి, తడి యారకముందే నునుపురాతితో మెఱుగు పెట్టును. భర్త జూలియన్ దానిపై చిత్రములు వ్రాయును. కాల్చునపుడు మంటను ఎండిన పేడపొడితో కప్పివేయుదురు. ప్రాణవాయువు అందక, పొగ లోననే నిలుచుటచే ఎఱ్ఱని కుండ కాటుకవలె నల్లనగును. చిత్రించిన భాగము మాత్రము మెఱుపు లేక నిలుచును. గాలి తిరిగినను, తేమ మిగిలినను కుండ పగులును. బహుదినముల శ్రమ ఒక్క గడియలో వ్యర్థమగును. దంపతులు పలుమార్లు ప్రయత్నించి, 1919వ సంవత్సర ప్రాంతమున నల్లనిదానిపై నల్లని చిత్రము నిలుచు విధానమును సాధించిరి.

ఆ కుండలకు మంచి వెల పలికెను. రహస్యమును దాచుకొనిన మరియా యొక్కతెయే ధనవంతురాలై యుండెడిది. ఆమె యట్లు చేయలేదు. పొరుగు స్త్రీలను పిలిచి ఆ విధానమును నేర్పెను. అడిగిన వారి కుండలపైనను తన పేరు వ్రాసి యిచ్చెడిదని చెప్పుదురు. కొలది కాలములోనే కుండల పని ఆ యూరి ప్రజలకు ముఖ్య జీవనాధార మయ్యెను.

1943లో జూలియన్ మరణించెను. ఐనను మరియా పని మానలేదు. కోడలు సాంటనా, పిదప కుమారుడు పొపోవి డా చిత్రములు వ్రాయగా, ఆమె వృద్ధాప్యమునను మట్టిని విడువలేదు. 1980లో ఆమె కన్నుమూసెను. ఆమె వంశమువారును, ఆ గ్రామస్థులును నేటికిని నల్లని కుండలు చేయుచున్నారు.

ధనము పంచినకొలది తరుగును. విద్య పంచినకొలది పెరుగును. మరియా తన విద్యను దాచియున్నచో అది ఆమెతోడనే మట్టిలో కలిసెడిది. పంచుటచే ఒక గ్రామము నిలిచినది. ఆ విద్యయు నిలిచినది.