ఆడించాలా, ఆపాలా? – 2020లో అమెరికా కళాశాల ఫుట్‌బాల్ ముందున్న ప్రశ్న

ఈ నెల పాఠం పేరు చూసి కొందరు ఆశ్చర్యపోవచ్చు. అమెరికా కళాశాల పిల్లల ఆటతో మనకేం పని అని అడగవచ్చు. కాని జ్వరం తగ్గి నాలుగు రోజులు కాకముందే, "ఆదివారం టోర్నమెంటు ఉంది డాక్టరుగారూ, వీణ్ణి ఆడనివ్వమంటారా?" అని కొడుకును వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులను మన ఓ.పి.లో ఏటా చూస్తూనే ఉంటాం. ఇదే ప్రశ్న 2020లో అమెరికా విశ్వవిద్యాలయాల ముందుకు వచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ వేలాది మంది ఆటగాళ్లున్నారు, కోట్ల డాలర్లున్నాయి, దేశమంతా చూస్తూ ఉంది. వాళ్లు ప్రమాదాన్ని ఎలా తూచారో, ఆ తరువాత ఏం తెలిసిందో చూస్తే మన జవాబు కూడా కొంత తేలిక పడుతుంది.

ముందు ఆట సంగతి. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో ఆడే ఆటను కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టువాళ్లు ఒంటితో గుద్ది పడగొడతారు. మన కబడ్డీ పట్టును గుర్తు చేసుకోండి. దానికి హెల్మెట్టు, భుజాలకు మెత్తలు కలపండి. ఆట మొదలయ్యే ప్రతిసారీ రెండు జట్ల ముందువరుసలు ముఖానికి ముఖం ఎదురుగా వంగి, రొప్పుతూ నిలబడతాయి. ఊపిరి ద్వారా వ్యాపించే రోగానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదని ఎవరికైనా అనిపిస్తుంది. తరువాత తేలింది కొంచెం వేరు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

డబ్బు సంగతి కూడా తెలియాలి. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. టికెట్ల మీద, టీవీ ఒప్పందాల మీద వచ్చే ఫుట్‌బాల్ ఆదాయంతోనే పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈత, కుస్తీ వంటి మిగతా ఆటలు నడుస్తాయి. కోచ్‌లకు లక్షల డాలర్ల జీతాలు. ఆటగాళ్లకు మాత్రం 2020లో స్కాలర్‌షిప్పు తప్ప జీతం లేదు. కళాశాలలే వాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే ఏర్పాటు 2025లో ఒక కోర్టు ఒప్పందం తరువాత గాని రాలేదు. తూకంలో ఎవరి బరువు ఎటువైపు పడిందో చూసేటప్పుడు ఈ మాట మరవకూడదు.

హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ 2020 జూలైలోనే ఆటలు ఆపేసింది. టీవీ డబ్బు మీద ఆధారం తక్కువ కాబట్టి వాళ్లకు ఆ నిర్ణయం తేలికైందని నా అనుమానం. ఆగస్టు 11న బిగ్ టెన్ అనే పెద్ద సమాఖ్య ఆ సీజను వాయిదా వేసింది. పసిఫిక్ తీరపు పాక్-12 కూడా అదే రోజు వాయిదా వేసింది. దక్షిణాదిన ఎస్.ఇ.సి., దానితోపాటు ఏ.సి.సి., బిగ్ 12 సమాఖ్యలు ఆడతామన్నాయి. వైద్యుల సలహా ప్రకారమే నడుస్తున్నామని రెండు పక్షాలూ చెప్పాయి. ఒకే దేశం, ఒకే వైరస్, రెండు జవాబులు!

ఎవరి ప్రమాదం?

1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో కూడా అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ కుంటుతూనే సాగింది. జార్జియా టెక్ స్టేడియంలో ముఖాలకు గుడ్డలు కట్టుకొని కూర్చున్న ప్రేక్షకుల ఫొటో ఒకటి 2020లో మళ్లీ ప్రపంచమంతా తిరిగింది. అయితే ఆ రోగానికీ ఈ రోగానికీ పెద్ద తేడా ఉంది. 1918 జ్వరం ఇరవై, ముప్పై ఏళ్ల వయసువాళ్లను విపరీతంగా బలి తీసుకుంది. కోవిడ్ ఎక్కువగా వృద్ధులను తీసుకుపోయింది. కాబట్టి 2020లో ఇరవై ఏళ్ల ఆటగాడు కోవిడ్‌తో చనిపోయే ప్రమాదం చాలా తక్కువ. ఆడతామన్నవాళ్ల ప్రధాన వాదం ఇదే.

అది నిజమే కాని సగం నిజం. ముందువరుస ఆటగాడు ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, 136 కిలోల బరువు ఉండటం అక్కడ మామూలు. లెక్క వేస్తే బి.ఎం.ఐ. 36 దాటుతుంది. అందులో కండ చాలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కాని కొవ్వు, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఆ వరుసలో తక్కువేమీ కాదు. ఇవన్నీ కోవిడ్‌ను ముదిరించేవే. పెద్ద జట్లలో దాదాపు సగం మంది నల్లజాతి యువకులు. ఆ ఏడాది వాళ్ల కుటుంబాల్లోనే చావులు ఎక్కువగా జరిగాయి. ఆటగాడు వైరస్‌ను ఇంటికి తీసుకువెళితే ప్రమాదం అమ్మమ్మది. జట్టులో అరవై దాటిన కోచ్‌లున్నారు, బట్టలు ఉతికేవాళ్లున్నారు, వంటవాళ్లున్నారు. వాళ్లను ఎవరూ ఓటు అడగలేదు.

ఆటగాళ్ల వైపు నుంచి కూడా ఒక మంచి ప్రశ్న వచ్చింది. క్లెమ్సన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్, మరికొందరు కలిసి ఆగస్టులో మేము ఆడాలనుకుంటున్నామని బహిరంగంగా చెప్పారు. ఆట ఆపితే మేము గాజు పెట్టెలో కూర్చోం, ఇళ్లకు, ఊళ్లకు వెళతాం, అక్కడ పరీక్షలూ ఉండవు, జాగ్రత్తలూ ఉండవు అన్నది అతని వాదం సారాంశం. ఏ ప్రమాదాన్నైనా దేనితో పోల్చి చూస్తున్నామో ముందు తేల్చుకోవాలి. ఈ సంగతి చాలామంది పెద్దలకంటే ఆ కుర్రవాడికి బాగా తెలిసింది. అక్టోబరు చివర అతనికే కోవిడ్ వచ్చి రెండు ఆటలు పోగొట్టుకున్నాడు; తరువాత కోలుకొని ఆడాడు.

గుండె సంగతి

వాయిదాకు ముఖ్య కారణాల్లో ఒకటిగా వినబడింది చావు కాదు, మయోకార్డైటిస్. అంటే గుండె కండరానికి వాపు. ఇది కోవిడ్‌తో పుట్టిన జబ్బు కాదు. ఇన్‌ఫ్లుయెంజా, కాక్సాకీ వంటి వైరస్‌లతో ఎప్పటి నుంచో ఉంది. మన ప్రాంతంలో డెంగీ తరువాత కూడా కొందరిలో చూస్తాం. విశ్రాంతిలో ఉంటే చాలామందికి తెలియకుండానే తగ్గిపోతుంది. వాచిన కండరంతో గట్టిగా పరుగెత్తితే మాత్రం గుండె లయ తప్పవచ్చు, మనిషి మైదానంలోనే కూలిపోవచ్చు. ఆటలాడే యువకుల ఆకస్మిక మరణాలకు తెలిసిన కారణాల్లో ఇది ఒకటి. 2020లో బోస్టన్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు ఎడ్వార్డో రోడ్రిగెజ్ కోవిడ్ తరువాత ఈ వాపు వల్లే ఆ సీజనంతా మానుకోవలసి వచ్చింది. 2021లో తిరిగి ఆడాడు.

ఇక్కడ అంకెలను కొంచెం ఓపికగా చదవాలి. 2020 జూలైలో జర్మనీ నుంచి ఒక అధ్యయనం వచ్చింది: కోవిడ్ నుంచి కోలుకున్న 100 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే 78 మంది గుండెల్లో ఏదో ఒక మార్పు కనబడింది. అందరూ హడలిపోయారు. వాళ్లు ఆటగాళ్లు కారు, నడివయసువాళ్లు ఎక్కువ. పైగా లెక్కల్లో పొరపాట్లున్నాయని ఇతరులు ఎత్తిచూపితే రచయితలు సరిదిద్దుకోవలసి వచ్చింది. సెప్టెంబరులో ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయం వైద్యులు తమ ఆటగాళ్లలో 26 మందికి ఎం.ఆర్.ఐ. తీసి, నలుగురిలో వాపును సూచించే గుర్తులున్నాయని ప్రచురించారు. పత్రికల్లో "15 శాతం" అని వచ్చింది.

26 మందిలో ఒక్కొక్కరు దాదాపు నాలుగు శాతం. ఆ నలుగురిలో ఇద్దరు తగ్గి ఉంటే 8 శాతం అయ్యేది, ఇద్దరు పెరిగి ఉంటే 23 శాతం అయ్యేది. ఇంత చిన్న గుంపు మీద శాతం చెప్పడమంటే ఒక పిడికెడు వడ్లు చూసి పొలమంతటి దిగుబడి చెప్పడమే. కోవిడ్ రాని ఆటగాళ్లతో పోల్చనూ లేదు. ఏళ్ల తరబడి కఠినంగా సాధన చేసిన గుండె మామూలు గుండెలాగ కనబడదు కూడా. అలాగని వైద్యులు చేసింది తప్పు కాదు. ఏమీ తెలియని కాలంలో తాము చూసింది చెప్పారు. దాన్ని తుది తీర్పుగా చదివినవాళ్లదే పొరపాటు.

పెద్ద లెక్కలు 2021లో వచ్చాయి. 42 కళాశాలల్లో కోవిడ్ వచ్చిన 3,018 మంది ఆటగాళ్లను చూస్తే గుండెకు సోకిందని నిశ్చయంగా గాని, అనుమానంగా గాని తేలినవాళ్లు 21 మంది, అంటే 0.7 శాతం. బిగ్ టెన్ సమాఖ్య మాత్రం లక్షణాలున్నా లేకపోయినా అందరికీ ఎం.ఆర్.ఐ. తీయించింది. అక్కడ 1,597 మందిలో 37 మందికి, అంటే 2.3 శాతానికి, వాపు కనబడింది. రెండు అంకెలూ నిజమే. వెదికే తీరు మారితే దొరికేది మారుతుంది. బిగ్ టెన్ కూడా గుండె లక్షణాలున్నవాళ్లనే వెదికి ఉంటే 37 మందిలో అయిదుగురే బయటపడేవారు. వాళ్లలో 27 మందికి కొన్ని వారాల తరువాత మళ్లీ ఎం.ఆర్.ఐ. తీస్తే అందరికీ వాపు తగ్గింది. మచ్చ వంటి గుర్తు మాత్రం 11 మందికే పోయింది. మిగిలిన 16 మందిలో అది నిలిచే ఉంది.

ఆట సాగిన తీరు

సెప్టెంబరు 16న, అంటే ఐదు వారాలకు, బిగ్ టెన్ మనసు మార్చుకుంది. విమర్శకులు డబ్బు అన్నారు, రాజకీయ ఒత్తిడి అన్నారు. రెండూ ఉన్నాయి. కాని వైద్యపరంగా కూడా ఒకటి మారింది: రోజూ చేయగల త్వరిత యాంటిజెన్ పరీక్షలు చేతికొచ్చాయి. పాజిటివ్ వస్తే పి.సి.ఆర్.తో నిర్ధారణ, ఆ పైన రక్తపరీక్ష, ఇ.సి.జి., ఎకో, గుండె ఎం.ఆర్.ఐ.; 21 రోజులు నిండేదాకా ఆట లేదు. జట్టులో పాజిటివ్ శాతం ఒక హద్దు దాటితే కనీసం ఏడు రోజులు అంతా ఆపాలి.

పరీక్షకు కూడా దాని తప్పులుంటాయి. ఆరోగ్యంగా ఉన్న వెయ్యిమందికి పరీక్ష చేశారనుకోండి. అది నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్లు సరిగా చెప్పినా అయిదుగురికి లేని రోగం అంటగడుతుంది. అలబామా కోచ్ నిక్ సేబన్‌కు అక్టోబరులో పాజిటివ్ వచ్చింది. వరుసగా మళ్లీ చేస్తే నెగటివ్. అదే వారం మైదానానికి వచ్చాడు. నవంబరులో మళ్లీ పాజిటివ్ వచ్చినప్పుడు అది నిజమైనదే.

వైరస్ ఎక్కడ అంటుకుంది? వృత్తి ఆటగాళ్ల ఎన్.ఎఫ్.ఎల్.లో 2020 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆరు లక్షలకు పైగా పరీక్షలు చేసి, ప్రతి కేసు వెనకా ఆరా తీశారు. ఎక్కువగా తేలినవి కలిసి తిన్న భోజనాలు, గదిలో సమావేశాలు, ఒకే కారులో ప్రయాణాలు. పదిహేను నిమిషాలకంటే తక్కువ కలయికలో కూడా అంటుకుంది. గడ్డి మీద గుద్దుకోవడంకంటే తలుపులు మూసిన గదిలో బిర్యానీ తినడం ప్రమాదమన్నమాట. (బిర్యానీ నా మాట, వాళ్లది కాదు.)

సీజను ఎలాగో గట్టెక్కింది. నూరుకు పైగా ఆటలు రద్దయ్యాయి, లేదా వాయిదా పడ్డాయి. 1918 నుంచి ఏటా జరుగుతున్న ఓహియో స్టేట్–మిషిగన్ పోటీ జరగలేదు. ఆటలు రద్దవడంతో ఓహియో స్టేట్ ఐదే ఆడగలిగింది. సమాఖ్య పోటీకి కావలసినవి ఆరు. డిసెంబరులో ఆ నియమాన్నే తీసేశారు. 2021 జనవరి 11న అలబామా 52–24తో ఓహియో స్టేట్‌ను ఓడించి ఛాంపియన్ అయింది.

నా ఉద్దేశంలో ఆగస్టులో ఆపడం సబబే, సెప్టెంబరులో ఆ పరీక్షలతో మొదలుపెట్టడమూ సబబే. తెలిసినది మారినప్పుడు నిర్ణయం మారడం తప్పు కాదు. నాకు మింగుడుపడనివి రెండున్నాయి. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్‌లో, తరగతులు మొదలైన వారానికే కోవిడ్ ప్రబలి డిగ్రీ విద్యార్థుల చదువును ఆన్‌లైన్‌కు మార్చారు. ఫుట్‌బాల్ మాత్రం సాగింది. తరగతికి ప్రమాదమైన చోటు ఆటకు ఎలా క్షేమం? రెండోది, ఇష్టం లేనివాళ్లు మానుకోవచ్చు, స్కాలర్‌షిప్పు పోదు అన్నారు. మంచిదే. కాని జట్టులో చోటు కోచ్ చేతిలో ఉన్న ఇరవై ఏళ్లవాడు "నాకు భయంగా ఉంది" అని ఎంతమంది ముందు అనగలడు?

ఇక మన ఓ.పి.లో కూర్చున్న కుర్రవాడి సంగతి. జ్వరం ఉన్నప్పుడు పారాసెటమాల్ వేసి మైదానానికి పంపవద్దు; మాత్ర వేడిని దించుతుంది గాని వైరస్‌ను కాదు. కోవిడ్ విషయంలో అమెరికా హృద్రోగ వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సలహా ఇది: లక్షణాలు లేనివాళ్లు మూడు రోజులు వ్యాయామం మానాలి. తేలికపాటి లక్షణాలుంటే అవి పూర్తిగా తగ్గేదాకా మానాలి. వీళ్లకు గుండె పరీక్షలు అక్కరలేదు. మిగతా వైరల్ జ్వరాలకు కూడా ఇదే పద్ధతి మంచిది. తగ్గిన తరువాత మొదట నడక, తరువాత మెల్లగా పరుగు, ఆ తరువాతే ఆట.

ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, ఇదివరకు సులువుగా ఎక్కిన మెట్లకే ఆయాసం – వీటిలో ఏది కనబడినా ఆట ఆపించి ఆసుపత్రికి తీసుకురండి. ఇ.సి.జి., ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో చేసి చూస్తాం. వాటిలో తేడా ఉంటేనే ఎం.ఆర్.ఐ. వాపు ఉందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆట మానాలి. కోచ్‌కు ఆ మాట పిల్లవాడి నోటితో చెప్పించకండి. మేము చీటీ రాసి ఇస్తాం, మీరే తీసుకువెళ్లి ఇవ్వండి.