పూరియిండ్ల చిత్రకారుడు

బాలలారా! చిత్రపటమనగానే మీకు రాజో, దేవతయో, యుద్ధమో స్ఫురించును. ఐరోపాలోను చిరకాలము అట్లే యుండెను. చిత్రకారులకు పని చెప్పువారు చర్చి అధికారులును ప్రభువులును. వారు కోరినదే వీరు చిత్రించిరి. పదునేడవ శతాబ్దమున హాలెండు దేశమందు ఈ పద్ధతి మారెను. ఆ శతాబ్దముననే మన మచిలీపట్టణమున వర్తకస్థానము నడపిన డచ్చివారి దేశమే యిది. ప్రొటెస్టెంటు మతము ప్రబలుటచే అచటి చర్చిలు పటములు వ్రాయించుట మానినవి. స్పెయిను రాజుపై తిరుగబడిన ఆ దేశమునకు వేరు రాజు లేడు. వర్తకులును, రొట్టెలు కాల్చి అమ్మువారును తమ గోడలకు పటములు కొనసాగిరి. చిన్న యింటికి చిన్న పటము చాలును. అందు తామెరిగిన లోకము కానరావలెను.

అట్టి పటములు వ్రాసినవారిలో ఆడ్రియాన్ వాన్ ఒస్టాడె ఒకడు. అతడు 1610లో హార్లెం నగరమున ఒక నేతగాని యింట జన్మించెను. 1685లో మరణించువరకు పట్టణవాసియే. అయినను అతడు విస్తారముగ చిత్రించినది పల్లెజనమును.

అతని తొలి చిత్రములను చూచినచో నవ్వు వచ్చును; మరుక్షణమున మనస్సు చివుక్కుమనును. చీకటి క్రమ్మిన పానశాల. అందు పొట్టి మనుష్యులు త్రాగి, అరచి, తన్నుకొనుచుందురు. పల్లెవాడనగా మోటువాడని పటము కొను పట్టణవాసి నమ్మకము. చిత్రకారుడు ఆ నమ్మకమునే రంగులద్ది అమ్మెను.

1640 తరువాత ఆ చీకటి క్రమముగ విచ్చినది. రెంబ్రాంటు చిత్రములలోని వెలుగునీడలు అతనికి దారి చూపినవని విమర్శకులందురు. కాని వెలుగొక్కటే కాదు, మనుష్యులును మారిరి. ఒస్టాడె రాగిరేకులపై గీసి, ఆమ్లముచే గీతలు తినిపించి, కాగితముపై అచ్చువేసిన చిత్రములు సుమారు 50 కలవు. వానిలో 1653 నాటి దొకటి చూడుడు. అదే పేదయిల్లు, అదే చాలీచాలని సామగ్రి. కాని కుటుంబమంతయు భోజనమునకు ముందు ప్రార్థించుచున్నది. ఈ యిరువదియేండ్లలో పల్లెజనులు మారిపోయిరా? నాకు తోచినంతవరకు, మారినది చూచువాని కన్ను.

పారిసునందలి లూవ్రు ప్రదర్శనశాలలో 1662 నాటి ‘బడిపంతులు’ అను పటము కలదు. పంతులు చేత కొయ్యబద్ద. ఎదుట ఏడ్చుచున్న బాలుడు. ఉపాధ్యాయుల చూపు మొదట ఆ బద్దపై పడును. మీ చూపు బాలునిపై పడును కాబోలు! చిత్రకారుడు మాత్రము ఇద్దరిలో ఎవరిని వెక్కిరింపలేదు.

1672లో ఫ్రెంచి సేనలు హాలెండుపై దండెత్తెను. వృద్ధుడైన ఒస్టాడె హార్లెం విడిచి ఆమ్‌స్టర్‌డాములో తలదాచుకొనెను. ఆ మరుసటియేట వ్రాసిన పటము నేడు హేగు నగరమున మౌరిట్స్‌హౌస్ ప్రదర్శనశాలలో నున్నది. అందు సైనికుడు లేడు, కాలిన ఇల్లు లేదు. పల్లెలోని సత్రము ముంగిట ఒకడు ఫిడేలు వాయించుచున్నాడు. పిల్లలును పెద్దలును గుమిగూడి వినుచున్నారు.