గంగవాయిలి: కలుపు కాదు, కూర

మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందిమి పల్లెల నుండి వచ్చినవాళ్ళమే. కూలికి కలుపు తీయబోయిన మన తల్లులు కొంగున కట్టుకొచ్చే కూరల్లో గంగవాయిలి ఒకటి. కోస్తాలో దీన్నే పావిలికూర, పాయలకూర అంటారు. శాస్త్రీయ నామం పోర్చులాకా ఒలరేసియా. పట్నంలో ఎవరైనా "గడ్డి తింటారా?" అని నవ్వితే మనం తల దించుకుంటాం. ఆ అవసరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

గుర్తించే విధానం: వానలు పడగానే చేలల్లో, గట్ల మీద నేలబారుగా పాకుతుంది. కాడలు ఎర్రగా, నున్నగా, నీరు నిండి ఉంటాయి. ఆకులు చిన్నవి, మందమైనవి. పూలు పసుపు, గింజలు నల్లని నలుసులు. నానబాలు మొక్క కూడా నేలబారుగానే పెరుగుతుంది, కాని దాని కాడ తుంచితే తెల్లని పాలు కారతాయి. గంగవాయిలికి పాలు ఉండవు. పాలు కనిపిస్తే కూరలో వేయరాదు.

పోషక విలువలు: దీనిలో విటమిన్ సి, మెగ్నీషియం, పొటాషియం ఉన్నాయి. చేపల్లో ఉంటాయని చెప్పే ఒమేగా-3 కొవ్వుల జాతికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం మిగతా ఆకుకూరల కన్నా దీనిలో ఎక్కువ. ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఎక్కువే. కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు తినకపోవడం మేలు. మిగిలినవారు ఉడికించి, ఆ నీరు వంచేస్తే ఆక్సాలిక్ ఆమ్లం కొంత తగ్గుతుంది.

పప్పు చేసే విధానం: ఒక గ్లాసు కందిపప్పుకు రెండు కట్టల కూర చాలు. మట్టి పోయేలా మూడు నాలుగు సార్లు కడిగి, లేత కాడలతో సహా తరగాలి. పప్పు సగం ఉడికాక కూర, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, పసుపు వేయాలి. కూరకే పులుపు ఉంటుంది కనుక చింతపండు తక్కువ వేయాలి. చివర ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టాలి. జొన్నరొట్టెకు ఇది మంచి జోడి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలలో ఎక్కువమంది దళిత స్త్రీలే. విత్తకుండా మొలిచే ఇటువంటి కూరలు పేదల తిండికి ఎంత ఆధారమో లోకానికి చాటినవారు వారే. తుమ్మికూర, పొన్నగంటి, జొన్నచెంచలి అన్నీ ఈ కోవలోనివే.

నేడు కలుపు మందుల వల్ల ఈ కూరలు చేలలోనే మాడిపోతున్నాయి. దానితో కలుపు తీసే కూలీ పోతోంది, పైసా ఖర్చులేని కూరా పోతోంది. మందు కొట్టిన చేనులోది, మురుగు కాలువ పక్కది కోయకండి. సికింద్రాబాద్‌లో ఉండే మనకు మార్కెట్లో కట్ట దొరుకుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం అమ్మ వెంట చేనుకు వెళ్ళి, ఒక్కొక్క కూర పేరూ గుర్తూ రాసుకొద్దాం. పుస్తకాల్లో లేని ఈ పాఠం ఆమెకు తెలుసు.